ముక్కు కారడం ఆగాలి, కళ్ళు మాత్రం మూతపడకూడదు: బెంగళూరు అలర్జీకి మాత్ర వాడే పద్ధతి

బెంగళూరు వచ్చిన మనవాళ్ళలో చాలామందికి మొదటి ఏడాది ఏమీ ఉండదు, హాయిగా ఉంటారు, క్లైమేట్ సూపర్ అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్తారు. తర్వాత ఏదో ఒక చలికాలం పొద్దున్నే లేచేసరికి వరసగా తుమ్ములు, ముక్కులోంచి కుళాయి విప్పినట్టు నీళ్ళు, కళ్ళ దురద, అంగిట్లో దురద. తొమ్మిదింటికల్లా తగ్గిపోతుంది, మళ్ళీ రేపు పొద్దున్న అదే కథ. అప్పుడు పీజీ పక్కన మెడికల్ షాపుకెళ్ళి "అన్నా, జలుబుకి ఏదైనా ఇవ్వు" అంటాం, అతను చేతికందిన స్ట్రిప్ నుంచి నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తాడు, వేసుకుంటే ముక్కు ఆగుతుంది గానీ మధ్యాహ్నం మీటింగ్‌లో తల టేబుల్‌కి తగులుతూ ఉంటుంది.

నేను చెప్పదల్చుకున్నది ముఖ్యంగా ఒకటే. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండ్ పేరు కాదు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. నిద్ర వస్తుందా రాదా, జ్యూస్‌తో వేసుకోవచ్చా, తిన్నాక వేసుకోవచ్చా, నాన్నగారికి ఇవ్వొచ్చా, అన్నీ ఆ చిన్న లైనులోనే ఉంటాయి. షాపులో బిళ్ళలు కత్తిరించి ఇచ్చేటప్పుడు ఆ లైను ఉన్న ముక్క మీకు రాకపోతే ఫోన్ తీసి స్ట్రిప్ వెనక భాగం ఫోటో తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు.

అసలు ఇది అలర్జీయేనా

మాత్ర కొనే ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే మామూలు జలుబుకి నిద్ర రాని అలర్జీ మాత్రలు, అంటే కొత్త తరం యాంటీహిస్టమిన్లు, పెద్దగా పనిచేయవు. జలుబులో ముక్కు కారడానికి కారణం ఎక్కువగా వైరస్ తెచ్చిన వాపు, ఒంట్లో తయారయ్యే హిస్టమిన్ అనే రసాయనం పాత్ర తక్కువ. అలర్జీలో మాత్రం హిస్టమిన్‌దే పెద్ద హస్తం.

అలర్జీ అయితే దురద ఉంటుంది, ముక్కులో, కళ్ళలో, అంగిట్లో, ఒక్కోసారి చెవిలో కూడా. తుమ్ములు ఒకటి రెండు కాదు, గొలుసుకట్టుగా వస్తాయి. కారేది నీళ్ళలా పల్చగా ఉంటుంది, జ్వరం ఉండదు. వారాలు గడిచినా పోదు, లేదా ఒక చోట ఉంటే వచ్చి ఇంకో చోట ఉంటే పోతుంది. జలుబైతే గొంతు నొప్పితో మొదలై ఒళ్ళు నొప్పులు, కొంచెం జ్వరం, రెండు మూడు రోజుల్లో చీమిడి చిక్కబడి, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఊరికి అంటే ఏ అనంతపురమో కర్నూలో వెళ్ళి నాలుగు రోజులుంటే ముక్కు బాగైపోయి, తిరిగొచ్చి రూములో ఒక్క రాత్రి పడుకోగానే మళ్ళీ మొదలైతే అనుమానం అక్కర్లేదు, మీ రూములోనే ఏదో ఉంది.

మాత్ర ఏం చేస్తుంది

దుమ్ములో పురుగో పుప్పొడో ముక్కులోకి వెళ్ళినప్పుడు అక్కడి మాస్ట్ కణాలు ఆ హిస్టమిన్‌ని వదుల్తాయి, అది వెళ్ళి కణాల మీద సీట్లలా ఉండే హెచ్1 అనే రిసెప్టర్లకి అతుక్కుంటుంది, అప్పుడే దురద, తుమ్ము, నీళ్ళు. యాంటీహిస్టమిన్ మాత్ర హిస్టమిన్‌ని చంపదు, దానికంటే ముందే ఆ రిసెప్టర్ల మీద కూర్చుంటుంది, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు. బస్సు నిండాక కర్చీఫ్ వేస్తే ఏం లాభం? అందుకే తుమ్ములు జోరందుకున్నాక వేసుకున్న మాత్ర కంటే ముందుగా వేసుకున్న మాత్ర బాగా పనిచేస్తుంది. రేపు ఆదివారం ఇల్లు మారుతున్నాం, అటక మీద సామాను దించాలి అనుకుంటే మొదటి తుమ్ము వచ్చేదాకా ఆగొద్దు, ఆ పని మొదలయ్యే రెండు మూడు గంటల ముందే వేసుకోండి.

మరి నిద్ర ఎందుకొస్తుంది అంటే హిస్టమిన్‌కి మెదడులో ఇంకో ఉద్యోగం ఉంది, మనల్ని మెలకువగా ఉంచడం. పాత తరం మందులు మెదడులోకి సులువుగా దూరి అక్కడి హెచ్1 రిసెప్టర్లని కూడా ఆపేస్తాయి, మత్తు. కొత్త తరం మందులు మెదడు గడప దగ్గరే ఆగిపోతాయి, కొన్ని పూర్తిగా, కొన్ని కాస్త అటూ ఇటూగా. ఈ అటూ ఇటూ దగ్గరే అసలు విషయం ఉంది.

స్ట్రిప్ మీద ఏ పేరుంటే ఏం అర్థం

మొదట మత్తు బ్యాచ్. క్లోర్‌ఫెనిరమిన్, దీన్నే అందరూ సీపీఎం అంటారు. ఫెనిరమిన్, అంటే అవిల్. డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్. సినారెస్ట్ లాంటి జలుబు మాత్రల్లో ఉండేది ఈ సీపీఎమే, పక్కన పారాసెటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటాయి. "అవి వేస్తేనే ముక్కు టక్కున ఆగుద్ది, ఈ కొత్తవి వేస్టు" అనేవాళ్ళు ఉంటారు, పూర్తిగా అబద్ధం కాదు, ఎందుకంటే పాత మందులకి తడి ఆరబెట్టే గుణం ఒకటి అదనంగా ఉంది, ముక్కుతో పాటు నోరూ ఆరిపోతుంది, మలబద్ధకం కూడా వస్తుంది. కానీ సీపీఎం ఒంట్లోంచి పోవడానికి చాలా టైం పడుతుంది, రాత్రి వేసుకుంటే పొద్దున్న కూడా సగం అక్కడే ఉంటుంది, మీకు నిద్ర వస్తున్నట్టు అనిపించకపోయినా బ్రేక్ మీద కాలు పడడం లేటవుతుంది. పొద్దున్నే బైక్ మీద సిల్క్ బోర్డ్ దాటాల్సిన మనిషికి ఇది మందు కాదు.

తర్వాత సెట్రిజిన్ 10 ఎంజి. ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే, సెట్‌జిన్, ఓకాసెట్, అలెరిడ్ ఇలా ఏ పేరుతో వచ్చినా లోపల అదే. చవక, గంటలో పని మొదలెడుతుంది, రోజంతా ఉంటుంది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది కాబట్టి దీని ధరకి ప్రభుత్వం పెట్టిన పరిమితి ఉంటుంది. నిద్ర రాని మందు అని పేరేగానీ కొంతమందికి బాగానే వస్తుంది. కంపెనీ ట్రయల్స్‌లోనే 10 ఎంజి వేసుకున్న వాళ్ళలో 100కి దాదాపు 14 మందికి మత్తు వచ్చింది, మందు లేని ఉత్తి బిళ్ళ వేసుకున్న వాళ్ళలో 6 మందికి వచ్చింది. అంటే ఎక్కువ మందికి ఏమీ కాదు, కానీ మీరు ఆ కొద్దిమందిలో ఒకరా కాదా అన్నది వేసుకుంటేగానీ తెలీదు. దీని పుట్టుక చూస్తే ఆశ్చర్యం ఉండదు లెండి, హైడ్రాక్సిజిన్ అనే ఆ పాత మత్తు మందు మన ఒంట్లో విరిగినప్పుడు తయారయ్యేదే సెట్రిజిన్.

లెవోసెట్రిజిన్ 5 ఎంజి కూడా అదే కుటుంబం, సెట్రిజిన్‌లో పనిచేసే సగభాగాన్ని విడదీసి అమ్ముతున్నారు, అందుకే 10కి బదులు 5. మత్తు కొంచెం తక్కువ అంటారు గానీ లేదని చెప్పలేం, సాయంత్రం వేసుకోమనే రాసి ఉంటుంది. ఈ రెంటినీ రాత్రి పూటకి పెట్టుకుంటే చాలామందికి గొడవ తీరిపోతుంది, పైగా మన బాధ పొద్దున ఎక్కువ కాబట్టి రాత్రి వేసిన మాత్ర తెల్లారేసరికి కాపలా కాస్తూ ఉంటుంది. అయితే రాత్రి దీంతో పాటు మందు పార్టీ మాత్రం పెట్టుకోవద్దు, రెండూ కలిస్తే మత్తు పెరుగుతుంది.

లోరాటడిన్ 10 ఎంజి, డెస్‌లోరాటడిన్ 5 ఎంజి. మత్తు తక్కువ, మెల్లగా మొదలవుతాయి, కొంతమందికి బలం చాలదనిపిస్తుంది. ఇక్కడ షాపుల్లో అడిగితే ఎందుకో పక్కవాటి మీదకే మళ్ళిస్తారు.

ఫెక్సోఫెనడిన్, అంటే అలెగ్రా వగైరా. పగలు డ్రైవింగ్, మెషిన్ల మీద పని, పరీక్షలు ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే. 120 ఎంజి గానీ 180 ఎంజి గానీ రోజుకొకటి, ముక్కు అలర్జీకి పెద్దవాళ్ళకి మన దగ్గర ఎక్కువగా 120 రాస్తారు. ఇది మెదడులోకి దాదాపు వెళ్ళదు. అమెరికాలో విమానం నడిపే పైలట్లకి అక్కడి ఏవియేషన్ అధికారులు ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వేసుకుని డ్యూటీ చేయడానికి ఒప్పుకుంటారు, సెట్రిజిన్ వేసుకుంటే ఒప్పుకోరు, దీన్నిబట్టి నిద్ర రాని మందులన్నీ ఒక గాటన కట్టలేమని అర్థమవుతుంది. దీనికో పాత కథ ఉంది. 1980ల్లో టెర్ఫెనడిన్ అని మొట్టమొదటి నిద్ర రాని మాత్ర వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది, తర్వాత ఎరిత్రోమైసిన్ లాంటి కొన్ని మందులతో కలిస్తే గుండె లయ తప్పుతోందని తేలి 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఆ టెర్ఫెనడిన్‌ని లివర్ మార్చి తయారుచేసే పదార్థమే ఫెక్సోఫెనడిన్, అలర్జీ మీద పని చేసేది నిజానికి అదే, గుండె గొడవ దీనికి లేదు, కాబట్టి నేరుగా దీన్నే మాత్రగా తెచ్చారు. కాకపోతే ఖరీదు, ఒక్కో బిళ్ళ సెట్రిజిన్ కంటే చాలా రెట్లు ఉంటుంది, నెలంతా వాడాలంటే జనౌషధి కేంద్రంలో జనరిక్ ఉందేమో ఒకసారి అడగండి.

బిలాస్టిన్ 20 ఎంజి. ఈమధ్య బెంగళూరు ఈఎన్‌టీ డాక్టర్లు బాగా రాస్తున్నారు, ఇది కూడా మెదడు జోలికి పోదు. దీని పట్టింపులన్నీ తిండి దగ్గరే, కింద చెప్తాను.

వేసుకునే పద్ధతి

ఇక్కడే చాలామంది మంచి మందు కొని పాడుచేసుకుంటారు.

ఫెక్సోఫెనడిన్‌ని నీళ్ళతోనే వేసుకోవాలి. ఆరెంజ్ జ్యూస్, యాపిల్ జ్యూస్, గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ ఏదైనా సరే, పేగుల్లోంచి ఈ మందుని లోపలికి మోసుకెళ్ళే వ్యవస్థని అడ్డుకుంటుంది, ఒంట్లోకి చేరే మందు మూడో వంతుకి పైగా తగ్గిపోతుంది. ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ తిని, జ్యూస్ కౌంటర్ దగ్గర ఫ్రెష్ ఆరెంజ్ తీసుకుని దాంతోనే మాత్ర మింగి "ఇంత ఖరీదు పెట్టినా పనిచేయట్లేదు" అంటే మందు తప్పు కాదు. గ్యాస్‌కి వేసుకునే జెలుసిల్, డైజీన్ లాంటివి కూడా అంతే, వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, అవి ఈ మందుని ఒంట్లోకి పోనివ్వవు, రెంటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి.

బిలాస్టిన్ ఖాళీ కడుపున. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత, జ్యూస్‌కి కూడా ఇదే లెక్క. పొద్దున లేచి పళ్ళు తోముకుని మాత్ర వేసుకుని, స్నానం చేసి రెడీ అయ్యేసరికి గంట అవుతుంది, అప్పుడు ఇడ్లీ తినొచ్చు, అలవాటైతే ఇదేం కష్టం కాదు. రోజూ ఆ టైము కుదరని వాళ్ళు దీని జోలికి పోకుండా వేరేది అడగడం మేలు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌కి ఈ గొడవలేవీ లేవు, తిన్నాకైనా తినకముందైనా పర్లేదు.

కొత్త మాత్ర మొదటిసారి వేసుకునేది శుక్రవారం రాత్రో శనివారమో పెట్టుకోండి, బండి తీయని రోజు. మర్నాడు తల బరువుగా ఉందా, చదువుతుంటే లైన్లు కలిసిపోతున్నాయా చూసుకోండి, ఏమీ లేకపోతే మామూలు రోజుల్లో కొనసాగించండి.

రోజుకి ఒక్కటే. ఈ కొత్త తరం మాత్రలన్నీ 24 గంటల మందులు, సాయంత్రం మళ్ళీ తుమ్ములొచ్చాయి కదా అని ఇంకోటి వేస్తే ముక్కు రెండింతలు ఆగదు, మత్తు మాత్రం రెండింతలు కావచ్చు. పొద్దున అలెగ్రా, రాత్రి లెవోసెట్, మధ్యలో జలుబు మాత్ర అని మూడు రకాల యాంటీహిస్టమిన్లు కలిపి మింగేవాళ్ళు కూడా ఉన్నారు, బ్రాండ్ పేర్లు వేరు కాబట్టి మందులు వేరనుకుంటారు. డాక్టర్ చెప్తే తప్ప ఒకటి పెట్టుకోండి, దాన్నే సరిగ్గా వాడండి.

బాధ రోజూ ఉంటే మాత్ర కూడా రోజూ ఒకే టైముకి, వారం పది రోజులు వరసగా వేసుకుని అప్పుడు తీర్పు చెప్పండి. ఒకరోజు వేసి రెండు రోజులు మానేసి మళ్ళీ వేసి పనిచేయట్లేదంటే కుదరదు. ఎప్పుడో దుమ్ములోకి వెళ్తేనే వచ్చేవాళ్ళు ఆ రోజుకి వేసుకుంటే చాలు.

నెలల తరబడి సెట్రిజిన్ గానీ లెవోసెట్రిజిన్ గానీ రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే, అరుదుగా కొంతమందికి ఒళ్ళంతా విపరీతమైన దురద వస్తోందని 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆపిన కొద్ది రోజుల్లో ఇలా దురద మొదలైతే అది కొత్త అలర్జీ అనుకుని కంగారుపడకుండా ఈ సంగతి డాక్టర్‌కి చెప్పండి, ఆపేముందే అడిగితే ఇంకా మంచిది.

ముక్కు దిబ్బడ వేరే లెక్క

ఈ మాత్రలు తుమ్ములు, దురద, నీళ్ళు కారడం, ఈ మూడింటికి బాగా పనిచేస్తాయి. ముక్కు మూసుకుపోవడానికి అంతగా పనిచేయవు. రాత్రి పడుకుంటే ఒక పక్క బిగుసుకుపోయి నోటితో ఊపిరి తీసుకునేవాళ్ళు మాత్రలు మార్చుకుంటూ పోయే బదులు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే గురించి డాక్టర్‌ని అడగాలి, ఫ్లూటికసోన్, మోమెటసోన్ ఇలాంటివి. స్టెరాయిడ్ అనగానే మనవాళ్ళు భయపడతారు గానీ ముక్కులో కొట్టేది చాలా తక్కువ మోతాదు, రక్తంలోకి వెళ్ళేది ఇంకా తక్కువ, రోజూ ఇబ్బంది పడే అలర్జీకి మాత్ర కంటే ఇదే బలమైన మందు. కాకపోతే ఓపిక కావాలి, ఒక్క రోజులో తెలీదు, పూర్తి ఫలితానికి వారం రెండు వారాలు పడుతుంది. కొట్టుకునేటప్పుడు తల వెనక్కి వాల్చకండి, కొంచెం ముందుకి వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటికి అంటే అదే పక్క చెవి వైపు తిప్పి కొట్టాలి, గట్టిగా పీల్చకూడదు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. మధ్య గోడకి రోజూ తగిలితే రక్తం వస్తుంది.

ఓట్రివిన్ లాంటి చుక్కల మందూ ఈ స్ప్రే ఒకటే అనుకోవద్దు, అది జైలోమెటాజోలిన్, రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి ప్రాణం లేచొస్తుంది, కానీ నాలుగైదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ మూత, ఇలా నెలలు గడిపేవాళ్ళని ఏ ఈఎన్‌టీ డాక్టర్‌ని అడిగినా చెప్తారు.

ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం మంచి అలవాటే, ముక్కులో ఉన్న దుమ్ము ధూళి పోతుంది, మాత్ర అవసరం కూడా తగ్గొచ్చు, అయితే ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా వద్దు, కాచి చల్లార్చినవే వాడాలి.

కాంబో మాత్రల సంగతి

స్ట్రిప్ మీద పేరు చివర ఎం అనో ఎల్‌సి అనో ఉంటే ఆగి చూడండి. మాంటెయిర్ ఎల్‌సి, మాంటెక్ ఎల్‌సి లాంటివి లెవోసెట్రిజిన్‌తో పాటు మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు. ఇవి బెంగళూరులో చాక్లెట్లు పంచినట్టు పంచుతారు, పక్క సీటు కొలీగ్ డ్రాయర్‌లో కూడా ఉంటాయి. మాంటెలుకాస్ట్ ఆస్తమా ఉన్నవాళ్ళకి ఉపయోగపడే మందే, కాదనట్లేదు, కానీ కొంతమందిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్తోందని 2020 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ దాని మీద తన అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది, ఉత్త ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. డాక్టర్ రాస్తే వాడండి, మనసు మార్పులు కనిపిస్తే వెంటనే చెప్పండి, కొలీగ్ ఇస్తే మాత్రం వద్దు.

జలుబు కాంబోల్లో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ గురించి 2023 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ నోటితో వేసుకుంటే ముక్కు దిబ్బడకి పనిచేయదని తేల్చింది. బీపీ ఉన్నవాళ్ళకి ఇలాంటివి ఎందుకులే అనిపిస్తుంది. పైగా అదే మాత్రలో పారాసెటమాల్ ఉంటుంది, తలనొప్పి అని విడిగా డోలో వేస్తే రెట్టింపు అవుతుంది. ఉత్త తుమ్ములకి జ్వరం మందు ఎందుకు చెప్పండి? అలర్జీకి ఒకే మందు ఉన్న స్ట్రిప్ అడగండి, "ప్లెయిన్ ఇవ్వండి, కోల్డ్‌ది వద్దు" అంటే షాపులో అర్థమవుతుంది.

పిల్లలు, పెద్దవాళ్ళు, మిగతా జాగ్రత్తలు

సీపీఎం, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబర్‌లో మన డ్రగ్ కంట్రోలర్ ఆదేశం ఇచ్చారు. పిల్లల డోసు వయసు, బరువు బట్టి ఉంటుంది, పెద్దల మాత్రని సగం విరిచి ఇవ్వడం వద్దు, పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

ఊర్నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఇక్కడి చలికి వాళ్ళకీ ముక్కు కారుతుంది, ఇంట్లో ఉన్న జలుబు మాత్ర ఇచ్చేస్తాం. నాన్నకి ప్రోస్టేట్ సమస్య ఉంటే సీపీఎం, అవిల్ లాంటి పాత మందుల వల్ల మూత్రం బిగుసుకుపోవచ్చు, కళ్ళలో గ్లాకోమా ఉంటే ఒక రకం దానికి ప్రమాదం, వయసు మళ్ళినవాళ్ళు రాత్రి తికమకపడి బాత్‌రూమ్‌లో పడిపోతారు. వాళ్ళకి కొత్త తరం మందులే నయం, అయితే కిడ్నీ సరిగ్గా లేకపోతే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ డోసు తగ్గించాలి, షుగర్ ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాళ్ళైతే క్రియాటినిన్ రిపోర్టు డాక్టర్‌కి చూపించి అడగండి. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి డాక్టర్లు మామూలుగా లోరాటడిన్, సెట్రిజిన్ వైపే మొగ్గుతారు, కానీ అది వాళ్ళు చెప్పాల్సిన మాట, షాపువాడు కాదు.

మాత్ర ఒక్కటే చాలదు

జనవరి నుంచి మార్చి దాకా రోడ్ల పక్కన టబేబుయా చెట్లు గులాబీ రంగులో విరగబూస్తే అందరూ ఫోటోలు తీస్తూనే తుమ్ములకి వాటినే తిడతారు. అంత ఆడంబరంగా పూసే చెట్లు తేనెటీగల కోసం పూస్తాయి, వాటి పుప్పొడి బరువుగా జిగటగా ఉండి గాల్లో పెద్దగా ఎగరదు. అనుమానించాల్సింది ఖాళీ సైట్లలో, లేఅవుట్ కాంపౌండ్ల వెంట తెల్లటి చిన్న పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామని, కాంగ్రెస్ గడ్డి అంటారే అది, 1950ల్లో పుణే దగ్గర కనిపించి దేశమంతా పాకింది, ముక్కుకీ చర్మానికీ రెంటికీ అలర్జీ తెప్పిస్తుంది. వానలు పడ్డాక బాగా పెరుగుతుంది. దాన్ని చేత్తో పీకొద్దు.

కానీ ఏడాది పొడుగునా, అదీ పొద్దున లేవగానే బాధపడేవాళ్ళకి నేరస్థుడు ఎక్కువగా పరుపులోనే ఉంటాడు, కంటికి కనపడని దుమ్ము పురుగులు. పీజీల్లో ఆ పరుపు మీకంటే ముందు ఎంతమంది పడుకుని వెళ్ళారో దేవుడికే తెలుసు. దిండు మీ సొంతది కొనుక్కోండి, దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకండి, కొన్ని వాషింగ్ మెషిన్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది, ఎవరూ వాడరంతే. పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టించండి. బాల్కనీలో పావురాలు, గదిలో బొద్దింకలు, పొద్దున్నే అగరబత్తి పొగ, ఇవన్నీ కూడా ముక్కుకి శత్రువులే. మెట్రో పనులు జరిగే రోడ్ల మీద బైక్ నడిపేవాళ్ళు హెల్మెట్ అద్దం దించుకుని లోపల మాస్కు పెట్టుకుంటే మంచిది.

దేనివల్ల వస్తోందో తేల్చుకోవాలంటే చర్మం మీద చుక్కలు పెట్టి గుచ్చే ప్రిక్ టెస్ట్ చేస్తారు. దానికి ముందు యాంటీహిస్టమిన్ మాత్రలు అయిదు నుంచి ఏడు రోజులు ఆపాలి, లేకపోతే దేనికీ దద్దురు లేవదు, డబ్బులు దండగ. ఎన్ని రోజులు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే కనుక్కోండి. రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు చూసే టెస్టుకైతే ఆపక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే, రెండు వారాలు ఒక మందుని సరిగ్గా వాడినా తగ్గకపోతే. ఊపిరి తీసుకుంటుంటే పిల్లి కూతలు వచ్చినా, రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం ఉన్నా అది ముక్కు దగ్గర ఆగలేదు, ఆస్తమా కావచ్చు, ఆలస్యం చేయొద్దు. జ్వరంతో, ముఖం నొప్పితో పసుపుపచ్చ చీమిడి పది రోజులు దాటితే సైనస్ చూపించుకోవాలి. ఒక్క పక్క ముక్కే ఎప్పుడూ మూసుకుపోవడం, రక్తం రావడం కూడా చూపించుకోవాల్సినవే. ఇంకోటి చాలా అరుదు గానీ తెలిసుండాలి, తలకి దెబ్బ తగిలాకో ముక్కు ఆపరేషన్ తర్వాతో తల వంచినప్పుడు ఒక్క పక్క నుంచే నీళ్ళలాంటిది చుక్కలుగా కారుతుంటే అది అలర్జీ కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, దానికి ఏ మాత్రా వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.